మరిచిపోయే బ్రౌజర్

టైలరక్క కొలతలు పైకి చదవదు. నడుము ఇంత, ఛాతీ ఇంత అని గట్టిగా అరిచి పక్కన ఉన్నవాళ్ల చేత రాయించుకునే దర్జీలు కావలసినంత మంది ఉన్నారు. వాళ్ల దగ్గర కొలతలిచ్చి మనం బయటికి వచ్చేసరికి మన నడుము సంగతి వీధి చివరి మందుల షాపు దాకా వెళ్లిపోయి ఉంటుంది. ఈవిడ దగ్గర ఆ బెంగ లేదు. ట్రయల్ గదికి తెర వేసి, టేపు తిప్పి, పొడుగాటి కాగితం పట్టీ మీద కత్తెరతో చిన్న గాటు పెడుతుంది. ఛాతీకో గాటు, నడుముకో గాటు, చేతికో గాటు. పట్టీ మీద పేరుండదు, అంకె ఉండదు. చివర్న ఒక రంగు దారం ముడి ఉంటుంది, ఏ రంగు ఎవరిదో ఆవిడ బుర్రలోనే ఉంటుంది. ఎవరైనా వేరే దర్జీకి మారిపోతుంటే మారు మాట్లాడకుండా వాళ్ల పట్టీ తీసి వాళ్ల చేతిలో పెట్టేస్తుంది. ఆడవాళ్లు ఈ దుకాణానికి రావడానికి సగం కారణం ఆవిడ కుట్టు, మిగతా సగం ఆవిడ మూసిన నోరు.

నోరు మూసుకోవడం తెలియనివాళ్లు బెంచీ మీద కూర్చుంటారు. ముందు గదిలో గోడవారన ఉన్న ఆ బెంచీ మీద ఎప్పుడు చూసినా ఇద్దరో ముగ్గురో ఉంటారు. గుండీ ఊడిందని వచ్చినవాళ్లు కూడా గంట కూర్చుంటారు. వాళ్ల కాలక్షేపానికి ఒక టాబ్లెట్ ఉంది. డిజైన్ల పుస్తకాలు అట్టలు ఊడి, పేజీలు చిరిగి పనికిరాకుండా పోయాక, కంప్యూటర్ల ఉద్యోగం చేసే ఆడపడుచు దాన్ని కొనిపెట్టింది. వచ్చినవాళ్లు అందులో మెడలూ, చేతులూ, కుచ్చులూ జరుపుకుంటూ చూసి, తమకు అస్సలు నప్పనిదాన్ని ఏరి మరీ చూపించి, ఇలాంటిది కావాలంటారు. బెంచీకి పెద్ద దిక్కు రేడియో అక్క. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. మనిషి మంచిదే, ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే అందరికంటే ముందు పరుగెత్తుకెళ్లేదీ ఆమే, ఆ సంగతి అందరికీ చెప్పేదీ ఆమే.

ఒక మధ్యాహ్నం, బెంచీ ఖాళీగా ఉన్న సమయం చూసుకుని, ఈత మేడం వచ్చింది. పెద్ద పార్కు వెనక ఉన్న ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పే మనిషి ఆమె. భుజానికి ఆపరేషన్ జరిగిందని కొన్ని నెలలుగా కనిపించడం లేదు. ఆమె లోపలికి వస్తూనే ట్రయల్ గదిలోకి వెళ్లింది. తెర వేశాక చొక్కా గుండీలు విప్పి, ఎడమవైపు చూపించింది. అక్కడ రొమ్ము లేదు. చంక కింది నుంచి ఛాతీ మధ్య దాకా ఒక గీత ఉంది.

టైలరక్క చేతిలో టేపు ఆగిపోయింది. ఆ చేతులు కొన్ని వందలమందిని కొలిచాయి, ఇలా ఎప్పుడూ ఆగలేదు. ఆగినట్టు ఎదుటి మనిషికి తెలియకూడదని టేపు మెలికలు సరిచేస్తున్నట్టు నటించింది.

"ఈత డ్రెస్ కావాలక్కా," అంది ఈత మేడం. "లోపల జేబులాంటిది ఉండాలి, ప్యాడ్ పెట్టుకోవడానికి. నీళ్లలో దూకినా అది జరగకూడదు. చంక దగ్గర ఎత్తుగా కుట్టాలి. బయట కొన్నవాటిలో అక్కడే గీత బయటపడిపోతోంది."

"కుడతాను మేడం. ఇలాంటిది నేనెప్పుడూ కుట్టలేదు, నేర్చుకుని కుడతాను."

"ఒక్క మాట. ఇది ఎవరికీ తెలియకూడదు. నా దగ్గరికి వచ్చే పిల్లల తల్లులు సగంమంది మీ బెంచీ మీదే కూర్చుంటారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, జాలిపడతారు. మా మేనేజరైతే ఇప్పటికే టికెట్ల కౌంటర్లో కూర్చోమంటున్నాడు, భుజం కదా, తేలిక పని కదా అని. ఈ సంగతి తెలిసిందంటే ఇక లేవనివ్వడు. నీళ్లలోకి దిగకపోతే నేను నేనుగా ఉండనక్కా."

"నా నోటి నుంచి రాదు," అంది టైలరక్క. పట్టీ మీద ఒకే మనిషికి రెండు ఛాతీ గాట్లు, ఎడమకొకటి కుడికొకటి, మొదటిసారి పెట్టింది. చివర్న నీలం దారం ముడివేసింది.

నేర్చుకుని కుడతానన్న మనిషి ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి కదా. సాయంత్రం బెంచీ ఖాళీ అయ్యాక టైలరక్క టాబ్లెట్ తీసుకుని ట్రయల్ గదిలోకి వెళ్లి, తెర వేసుకుని, స్టూలు మీద కూర్చుని వెతికింది. లోపలి జేబు ఎలా కుట్టాలో, కొలను నీళ్లలోని మందుకు ఏ బట్ట తట్టుకుంటుందో, సాగే బట్టకు ఏ సూది వాడాలో చదివింది, బొమ్మలు చూసింది, వీడియో చూసింది. అర్థమయ్యాక టాబ్లెట్ అట్ట మూసి, తెర తీసి, తెచ్చి మళ్లీ బెంచీ మీద పెట్టేసింది. తెర వేసి చేసిన పని తెర వెనకే ఉండిపోతుందని ఆవిడకు దుకాణం పెట్టినప్పటి నుంచీ ఉన్న నమ్మకం. మనుషుల వరకు అది నిజమే.

రెండు రోజుల తర్వాత రేడియో అక్క కూతురి గౌనుకు మెడ చూద్దామని టాబ్లెట్ అందుకుంది. పక్కన బ్యాంకు ఉద్యోగిని ఉంది, ఆమె పక్కన ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చిన నర్సు ఉంది. గుండ్రటి మెడ, పడవ మెడ, చదరపు మెడ దాటాక రేడియో అక్క వేలు ఆగింది.

"ఇదేంటి టైలరక్కా. నేను గౌను మెడలు అడిగితే, రొమ్ము తీసేసినవాళ్ల ఈత డ్రెస్సులు చూపిస్తోంది."

"ఏదో ప్రకటనలే," అంది నర్సు.

"ఒకటి కాదమ్మా, వరసగా ఉన్నాయి. మీ కోసం అని పైన రాసి మరీ ఉంది. ఇవి ఊరికే రావు. మా ఆయన ఒకసారి బట్టతలకు మందు వెతికాడు, నెలరోజులు మా పిల్ల ఆటల్లో కూడా బట్టతలలే వచ్చాయి. ఎవరో వెతికితేనే వస్తాయి. ఎవరు వెతికారిక్కడ?"

ముగ్గురూ ఒకరి ఛాతీ వంక ఒకరు చూసుకున్నారు, చూసినందుకు సిగ్గుపడి కిటికీ వంక చూశారు. మిషన్ మీద టైలరక్క కాలు దానంతటదే ఆగిపోయింది.

"ఈత డ్రెస్ అంటే," అని బ్యాంకు ఉద్యోగిని నెమ్మదిగా లెక్క కడుతున్నట్టు మొదలుపెట్టింది, "మనలో ఈతకు వెళ్లేవాళ్లు ఎవరున్నారు..."

"నేనే వెతికాను," అంది టైలరక్క.

అది నిజమే. ఆమె ఇంకేమీ అనక్కర్లేకుండా మిగతాది బెంచీ చూసుకుంది. టైలరక్కకా, పాపం, ఎప్పుడు, ఈ మధ్య చిక్కిందనే అనుకున్నాను, డాక్టర్లు ఈత మంచిదని చెప్తారులే అని వాళ్లే అడిగి వాళ్లే జవాబులు చెప్పుకున్నారు. కాదని చెప్పడానికి టైలరక్క నోరు తెరిచి మూసేసింది. కాదంటే, మరి ఎవరు అంటారు. మర్నాటికి దుకాణంలో నారింజపండ్ల సంచులు పోగుపడ్డాయి. కుట్టుకూలి దగ్గర బేరమాడేవాళ్లు బేరమాడటం మానేశారు. ఎప్పుడూ లేనిది, గౌను ఆలస్యమైందంటే ఫర్వాలేదన్నారు.

ఆదివారం పొద్దున్నే ఆడపడుచు ఊడిపడింది.

"ఏంటి వదినా, నీకు ఆపరేషనట కదా. వీధి మొదట్లో ఇద్దరు ఆపి మరీ నన్ను ఓదార్చారు. నాకు చెప్పకపోతే మానె, అన్నయ్యకైనా చెప్పావా?"

"నాకేం కాలేదు. కూర్చో, చెప్తాను. అరవకు."

టైలరక్క జరిగిందంతా చెప్పింది, ఎవరి కోసమన్నది తప్ప. ఆడపడుచు అడగలేదు. ఆమె ఉద్యోగమే ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్లలోకి దొంగలు దూరకుండా చూసుకోవడం. అడగకూడనివి అడగకపోవడం ఆమెకు జీతమిచ్చి నేర్పారు.

"నువ్వు తెర వేసుకుని కూర్చున్నావు, బాగానే ఉంది," అంది టాబ్లెట్ తెరుస్తూ. "ఈ బ్రౌజర్ ఉంది చూశావూ, నెట్‌లోకి వెళ్లే తలుపు ఇదే. ఇందులో నీ దుకాణం అకౌంట్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నువ్వు అడిగిన ప్రతి మాటా రాసుకుంటుంది. పైగా నువ్వు వెళ్లిన ప్రతి పేజీలోనూ ప్రకటనల కంపెనీల మనుషులు కూర్చుని ఉంటారు. ఈ పేజీలో నిన్ను చూసినవాడే ఆ పేజీలోనూ చూస్తాడు. ఈమెకు ఇది కావాలి కాబోలని బెంచీ దాకా వచ్చి చూపిస్తాడు."

"బెంచీ మీద ఉన్నది నేను కాదు కదా."

"వాడికి మనుషులతో పనేంటి వదినా. టాబ్లెట్ తెలుసు, చాలు."

టైలరక్కకు కోపం వచ్చింది. దాచమని చెప్పినదాన్ని ఎదుటివాడు అమ్ముకున్నాడంటే ఆ కోపం అర్థం చేసుకోవచ్చు. కానీ దాచమని తాను ఎవరికీ చెప్పలేదు, అడగనే లేదు, అట్ట మూస్తే చాలనుకుంది. ఆ సంగతి గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చింది.

"ప్రైవేట్ విండో అని ఒకటుందటగా," అంది. "బ్యాంకు ఆవిడ చెప్తుంటే విన్నాను."

"ఉంది. అది వాడి ఉంటే బెంచీ మీద ఇంత రచ్చ అయ్యేది కాదు. మూయగానే టాబ్లెట్‌లో ఆనవాళ్లు ఉంచదు, అంతవరకే. నువ్వు చూసిన సైట్లకు తెలుస్తుంది, నీకు నెట్ ఇచ్చే కంపెనీకి తెలుస్తుంది. పైగా ప్రతిసారీ గుర్తుపెట్టుకుని తెరవాలి. నువ్వు ఒక్కరోజు మర్చిపోతావు, ఆ రోజే కొంప మునుగుతుంది. వేరే బ్రౌజరే పెట్టుకుందాం."

ఆడపడుచు మూడు తెచ్చిపెట్టింది. పేర్లు టైలరక్కకు నోరు తిరగలేదు. బొమ్మల్ని బట్టి గాలిపటం, గుడ్లగూబ, తాబేలు అంది. కొనే ముందు ఏ బట్టనైనా తిప్పి లోపలివైపు చూడటం ఆవిడకు అలవాటు. అద్దకం పైకి ఎంత మెరిసినా అసలు సంగతి వెనకవైపు తెలుస్తుంది. ఇక్కడా అదే చేద్దామంది.

గాలిపటం రంగురంగులుగా ఉంది, చకచకా తెరుచుకుంది. మీ రహస్యాలు మా దగ్గర నూటికి నూరుపాళ్లు భద్రం అని పెద్ద అక్షరాలతో రాసుకుంది. తెరవగానే మీ ఫోన్ నంబర్ల పట్టిక చూడనిమ్మంది, మీరెక్కడున్నారో చెప్పమంది.

"గౌను మెడ చూపించడానికి దీనికి నా చుట్టాల నంబర్లెందుకు?" అంది టైలరక్క.

"అదే అడగాలి. ఇప్పుడు ఇంకోటి అడుగు. వీళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?"

ఇద్దరూ కలిసి వెతికారు. ఎవరు తయారుచేశారో, ఎలా బతుకుతున్నారో ఎక్కడా రాయలేదు. లోపలివైపు చూడనివ్వని బట్ట. టైలరక్క దాన్ని పక్కన పడేసింది.

గుడ్లగూబ మంచిది. నువ్వు అడిగిన మాటను మూడు చేతులు మార్చి పంపిస్తుందనీ, ఎవరు అడిగారో చివరివాడికి తెలియదనీ ఆడపడుచు చెప్పింది. అయితే డిజైన్ల సైటు తెరుచుకోవడానికే తల ప్రాణం తోకకొచ్చింది. తెరుచుకున్నాక, మీరు మనిషేనా అని ఆ సైటు పదే పదే అడిగింది.

"ప్రాణాల మీదికి వచ్చినవాళ్లకు ఇది కావాలి," అంది ఆడపడుచు. "వాళ్లు ఇంతకంటే ఓపిక పడతారు."

"నా బెంచీకి అంత ఓపిక లేదు. ఇది మెడ చూపించేలోపు నేను గౌనే కుట్టి ఇస్తాను."

ఇక తాబేలు. చూడటానికి ఏమీ లేదు, బూడిద రంగు. వెంటపడేవాళ్లను గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. మూసిన వెంటనే అన్నీ మరిచిపోతుంది. డబ్బెలా వస్తుందో వాళ్లే రాశారు, కొంత విరాళాలు, కొంత నెట్‌లో వెతికిపెట్టే ఒక కంపెనీ ఇచ్చేది. ఆ కంపెనీ వద్దనుకుంటే వేరేది పెట్టుకోవచ్చు, ఎలాగో కూడా వాళ్లే రాశారు. కొన్ని వారాలకోసారి కొత్త మార్పులు వస్తుంటాయి.

"అన్నిసార్లు మారుస్తున్నారంటే సరిగ్గా కుట్టలేదేమో," అంది టైలరక్క.

"చిల్లు పడని బ్రౌజర్ లేదు వదినా. చిల్లు పడిందని తెలిసిన రోజే మాసిక వేస్తున్నారా లేదా అన్నదే చూడాలి. మాసికలే రావట్లేదంటే ఎవరూ చూడట్లేదని."

ఈ మాట టైలరక్కకు నచ్చింది. అయినా ఒక చిక్కు ఉంది. ఇన్నేళ్లుగా ఎక్కడ మంచి మెడ కనిపించినా గుండె గుర్తు నొక్కి దాచుకుంది. అవన్నీ పాత అకౌంట్‌లో ఉన్నాయి. దాన్ని తెరిచి ఉంచితే రాసుకునేవాడూ ఉంటాడు. ఆమె కాసేపు వాటిని ఒక్కొక్కటిగా జరిపి చూసుకుంది. తర్వాత, మూసెయ్యమ్మాయ్ అంది. ఆడపడుచు అకౌంట్‌లోని పాత సంగతులన్నీ చెరిపేసి, అకౌంట్ మూసేసి, తాబేలును ముందుకు తెచ్చి పెట్టింది. పాత బ్రౌజర్ టాబ్లెట్‌తో పాటే పుట్టింది కాబట్టి పూర్తిగా తీసేయడం కుదరలేదు. నోరు కట్టేసి ఓ మూల కూర్చోబెట్టింది.

"ఇదేం మంత్రం కాదు, ముందే చెప్తున్నాను," అంది వెళ్తూ వెళ్తూ. "నీ పేరుతో ఎక్కడైనా లాగిన్ అయ్యావంటే వాళ్లకు నువ్వెవరో తెలుస్తుంది. నెట్ కంపెనీవాడికి నువ్వు ఏ సైటు గుమ్మం తొక్కావో తెలుస్తుంది. మిగతావాళ్ల కళ్లు మాత్రం చాలావరకు మూతపడతాయి. ఆ నారింజలు ఒక సంచి నాకివ్వు, రోగం లేనిదానివి అన్నెలా తింటావు."

ట్రయల్‌కు ఈత మేడం వచ్చిన రోజు టైలరక్క అన్నీ చెప్పేసింది. చెప్పకుండా ఉండొచ్చు. బెంచీ తననే అనుకుంటోంది, మేడం పేరు ఎవరి నోటా రాలేదు. కానీ నీలం బట్ట ఆమె భుజాల మీద సర్దుతూ, గుండుసూదులు గుచ్చుతూ, ఆ సంగతి కడుపులో పెట్టుకోవడం ఆవిడకు చేతకాలేదు.

ఈత మేడం అద్దంలోకి చూస్తూ విన్నది. ముఖం గట్టిపడింది.

"మీ నోటి నుంచి రాదన్నారు."

"నా నోటి నుంచి రాలేదు మేడం. నా చేతి నుంచి వచ్చింది. ఇప్పుడు వేరే బ్రౌజర్ పెట్టించాను. మూస్తే అన్నీ మరిచిపోతుంది. చూపిస్తాను..."

"అది మరిచిపోతుంది. మీ రేడియో అక్క మరిచిపోతుందా?"

ఈత మేడం డ్రెస్ విప్పి బల్ల మీద పెట్టి, చొక్కా గుండీలు పెట్టుకుని, చెయ్యి చాపింది.

"నా పట్టీ ఇచ్చెయ్యండి."

టైలరక్క వెతకకుండానే తీసి ఇచ్చింది. నీలం ముడి చేతిలోంచి జారుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనిపించకుండా టేపు చుట్టసాగింది. ఈత మేడం గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"వాళ్లు మీకని అనుకుంటుంటే మీరు కాదనలేదా?"

"కాదంటే మరి ఎవరని అడుగుతారు కదా."

ఈత మేడం వెళ్లిపోయింది. నీలం డ్రెస్ గుండుసూదులతోనే బల్ల మీద ఉండిపోయింది.

ఆ తర్వాతి బుధవారం, దుకాణం మూసే వేళకు రేడియో అక్క ఒక్కతే వచ్చింది. బెంచీ మీద కూర్చోలేదు. స్టూలు లాక్కుని మిషన్ పక్కన కూర్చుంది. పండ్లు కూడా తేలేదు.

"టైలరక్కా, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకు. నీకు మొదట ఎలా తెలిసింది?"

"ఏది?"

"అదే. గడ్డ ఉందని. నొప్పి పుట్టిందా?"

అడుగుతూ ఆమె కుడిచెయ్యి తనకే తెలియకుండా ఎడమ చంక కిందికి వెళ్లింది. టైలరక్క చూసింది. ఎన్నో ఒళ్లు చూసిన మనిషి, ఆ చెయ్యి ఎందుకెళ్లిందో చెప్పించుకోనవసరం లేకపోయింది.

ఇప్పుడు ఏం చెప్పాలి. నొప్పి పుట్టిందని నోటికి వచ్చిన అబద్ధం చెప్తే, నాకు నొప్పి లేదుగా అని ఈ మనిషి నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతుంది. నిజం చెప్తే, మరి ఎవరికి అంటుంది. అందులోనూ అడిగేది ఇంకెవరో కాదు, రేడియో అక్క. టైలరక్క మిషన్ మీది బట్ట పక్కకు తీసింది.

"నాకు ఏమీ లేదు," అంది. "ఆ రోజు మీరు అనుకున్నారు, నేను కాదనలేదు. ఒక కస్టమర్ కోసం వెతికాను. ఎవరో చెప్పను."

రేడియో అక్క తల వంచుకుంది. ఎవరని అడగలేదు.

"చెప్పకు," అంది. "నాదీ ఎవరికీ చెప్పకు. ఇంట్లో ఎవరికీ తెలియదు."

"డాక్టర్‌కు చూపించావా?"

"లేదు. ఎక్కడికి వెళ్లాలో, ఏం చేస్తారో ఫోన్లో చూద్దామనుకున్నాను. మా ఇంట్లో అందరికీ ఒకటే అకౌంటు. నేను కుక్కర్ వెతికితే మా అత్తగారి ఫోన్లో కుక్కర్లు వస్తాయి. ఆ రోజు నీ టాబ్లెట్‌లో అవన్నీ చూశాక ఒక్క అక్షరం కొట్టాలన్నా చెయ్యి రాలేదు. ఈత డ్రెస్సుల సంగతి నేనే పైకి చదివానా, నా సంగతి మా పిల్ల పైకి చదువుతుందేమోనని భయమేసింది."

అంటే ఇన్నాళ్లూ ఈ మనిషి ఆగిపోవడానికి తన టాబ్లెటే కారణం. టైలరక్క లేచి వెళ్లి దాన్ని తెచ్చింది. తాబేలు బొమ్మ నొక్కి, ఆమె ఒళ్లో పెట్టింది.

"ఇందులో చూసుకో. ఏ అకౌంటూ లేదు. చూసి మూసెయ్, మరిచిపోతుంది. నువ్వు ఏం వెతికావో రేపు నేను తెరిచినా నాకు కనిపించదు. కానీ అందులో చదివి నీకు నువ్వే తీర్పు చెప్పుకోకు. ఎక్కడికి వెళ్లాలో చూసుకుని వెళ్లు."

ఆ మాట చెప్పి ట్రయల్ గది తెర ఎత్తి పట్టుకుంది. రేడియో అక్క లోపలికి వెళ్లింది. టైలరక్క మిషన్ దగ్గరికి వచ్చి, దారం ఎక్కించకుండానే, ఒక గుడ్డపేలిక మీద గడగడా తొక్కుతూ కూర్చుంది. లోపల ఫోన్లో మాట్లాడుతున్న గొంతు వినిపించబోతే ఇంకా గట్టిగా తొక్కింది.

రేడియో అక్క బయటికి వచ్చింది. కళ్లు తుడుచుకుని ఉంది. సోమవారానికి డాక్టర్ సమయమిచ్చారంది. టాబ్లెట్ తిరిగి ఇస్తూ వదలలేదు.

"ఆమె ఎవరో నాకు వద్దు. ఆమెను ఒక్కటి అడిగి చెప్తావా. ఆపరేషన్ చేశాక చెయ్యి మళ్లీ పైకి లేస్తుందా? తీగ మీద బట్టలు ఆరేసుకోగలుగుతుందా? డాక్టర్లు లేస్తుందనే అంటారు. లేపినవాళ్లు చెప్తే వేరు."

మర్నాడు పొద్దున టైలరక్క ఈతకొలనుకు వెళ్లింది. లోపలికి వెళ్లనవసరం లేకపోయింది. ఈత మేడం టికెట్ల కౌంటర్లో కూర్చుని ఉంది, పొడి బట్టల్లో, మెడలో విజిల్ లేకుండా. టైలరక్క ముందు ఇద్దరు పిల్లలు టికెట్లు తీసుకున్నారు. ఆవిడ వంతు వచ్చింది.

"మీరా," అంది ఈత మేడం. "ఏం కావాలి?"

"ఒక ప్రశ్న తెచ్చాను. ఒక మనిషికి అనుమానం వచ్చింది, డాక్టర్ దగ్గరికి వెళ్లబోతోంది. ఎవరో అడక్కండి. మీ పేరు కూడా నేను చెప్పలేదు. చెయ్యి మళ్లీ పైకి లేస్తుందా అని అడగమంది."

ఈత మేడం టికెట్ల కట్ట పక్కకు పెట్టింది. వెనక క్యూలో ఎవరో దగ్గారు.

"లేస్తుందని చెప్పండి," అంది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "మాటతో చెప్తే నమ్మదు. నాకు చెప్పినప్పుడు నేను నమ్మలేదు."

కింద ఉన్న చేతిసంచి పైకి తీసింది. అందులోంచి చుట్టచుట్టిన కాగితం పట్టీ తీసి, టికెట్లు ఇచ్చే కిటికీలోంచి బయటికి తోసింది. నీలం ముడి ఇంకా ఉంది.

"శనివారానికి అవుతుందా?"

"అవుతుంది."

"అయితే ఆ రోజు ఆడవాళ్ల సమయానికి ఆమెను రమ్మనండి. మెట్ల మీద కూర్చుని చూసి వెళ్లిపొమ్మనండి. పలకరించాలనిపిస్తే పలకరిస్తుంది."

శనివారం టైలరక్క మెట్ల మీద రేడియో అక్క పక్కన కూర్చుంది. బట్టలు మార్చుకునే గది తలుపు తెరుచుకుని ఈత మేడం బయటికి వచ్చింది. నీలం డ్రెస్ ఒంటికి అతుక్కున్నట్టుంది. ఎడమకూ కుడికీ తేడా కుట్టిన మనిషికే తెలియాలి. ఆమె గట్టు చివర నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. ఎడమది ఒక్క క్షణం ఆలస్యంగా లేచింది, లేచి కుడిదాన్ని కలుసుకుంది. ఆమె దూకింది.

"ఈమెనా," అంది రేడియో అక్క గొంతు తగ్గించి. "మా పిల్లకు ఈత నేర్పింది ఈమే."

ఈత మేడం ఈదుకుంటూ ఇవతలి గట్టుకు వచ్చి, జుట్టు వెనక్కి తోసుకుని, మెట్ల మీదికి చూసింది. ఎవరు కూర్చున్నారో చూసి ముఖం పాలిపోయింది. ఇంతమందిలో ఏ ఒక్కరికి తెలియకూడదనుకుందో ఆ మనిషే. టైలరక్క ఏదో చెప్పాలని లేవబోయింది.

రేడియో అక్క లేచింది. మెట్లు దిగి, తడి గట్టు మీద, బట్టలు తడుస్తున్నా చూసుకోకుండా గొంతుక్కూర్చుంది. ఎవరికీ వినబడనంత నెమ్మదిగా అడిగింది.

"మేడం, ఆ చెయ్యి ఇంకోసారి ఎత్తి చూపించవా."

ఈత మేడం ఆమె ముఖం వంక చూసింది. తర్వాత ఎడమచెయ్యి నీళ్లలోంచి తీసి, నెమ్మదిగా, చెవిని తాకేదాకా ఎత్తింది. అలాగే ఉంచింది. రేడియో అక్క తన చెయ్యి కూడా ఎత్తి చూసుకుంది.

సోమవారం రేడియో అక్క, ఈత మేడం కలిసే డాక్టర్ దగ్గరికి వెళ్లారు. గడ్డలోంచి సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపారు. ఫలితం రావడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుందన్నారు.

ఈలోగా బెంచీ మామూలుగానే నడిచింది. తాబేలు మీద మొదట అందరూ విసుక్కున్నారు, నిన్న చూసిన మెడ ఇవాళ చూపించడం లేదని. తర్వాత అలవాటు పడ్డారు. టైలరక్కకు నారింజలు వస్తూనే ఉన్నాయి, ఆవిడ తీసుకుంటూనే ఉంది. ఒక మధ్యాహ్నం బ్యాంకు ఉద్యోగిని, ఈత మేడం మళ్లీ నీళ్లలోకి దిగిందట కదా అని కబురు తెచ్చింది.

"నాకెందుకో అనుమానంగా ఉంది," అంది. "అన్ని నెలలు రాలేదు. ఆ రోజు ఈ టాబ్లెట్‌లో చూసినవి ఈత డ్రెస్సులే కదా. నిజంగా భుజమేనంటారా?"

మిషన్ ఆగింది. అందరూ అలవాటు కొద్దీ రేడియో అక్క వంక చూశారు. ఏ వార్తయినా ఆమె ఖాయం చేస్తేనే ఖాయం.

"భుజమే," అంది రేడియో అక్క. "నేను చూశాను. చెయ్యి పూర్తిగా లేస్తోంది."

అని టాబ్లెట్ మూసి, అట్ట సరిచేసి, పక్కామెకు అందించింది.